తవుడుకు అమ్మిన బిడ్డను తిరిగి ఇప్పించుట గురించి

రాయపూర్,
2 జూన్ 1986.

సర్కారీ శిశు గృహం అధికారి శ్రీ టి. నాయుడు గారి దివ్యసముఖమునకు,
మోవా నివాసి, వ్యాగన్ రిపేరు షాపు రిటైర్డు ఫిట్టరు గేదెల చిన్నారావు చేసుకొను మనవి.

విషయం: నేను చేటెడు తవుడుకు అమ్మిన నా కుమారుడు చి. తవిటయ్యను, అమ్మలేదని నా చేత రాయించుకోకుండా, తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

ముందుగా తమరికి శుభవార్త. నిన్నటితో మా వాడికి ఏడాది నిండింది! తమ శిశు గృహం కిటికీ ఊచల్లోంచి చూశాను. గోడ పట్టుకుని లేచాడు, గోడ వదిలేశాడు, అడుగులు వేశాడు, కూలబడి తనకు తనే చప్పట్లు కొట్టుకున్నాడు. అరవై రెండేళ్ల వాణ్ణి, వీధిలో గెంతాను. చౌకీదారుకు జిలేబీ పెట్టాను. తమరికీ తెచ్చాను గాని లోపలికి పోనివ్వలేదు. తమరు నాతో హిందీలోనే మాట్లాడినా, ఫోనులో తమ అమ్మగారితో మన శ్రీకాకుళం మాట మాట్లాడటం విన్నాను గనుక ధైర్యం చేసి తెలుగులో రాసుకొంటున్నాను.

1. మాకు వీడికి ముందు నలుగురు పుట్టిరి. ఒక్కరూ ఏడాది చూడలేదు. నిలవని ఇంట పుట్టిన బిడ్డను తవుడుకు అమ్మేయుట మన వైపు ఆచారమని తమకు నేను చెప్పవలసిన పని లేదు. బిడ్డ పరాయివాళ్లదైపోతే మృత్యువు మా ఇంట వెతికినా దొరకడు. కొన్నావిడే మళ్లీ "పెంచండి" అని మా చేతికిస్తుంది. మా ఊరూ పేరూ తెలియని మనిషి కొనాలని, నది ఒడ్డున ఆరుబయట పడుకుని లేచి అమ్మాలని నా భార్య దాలమ్మ మొక్కు.

2. కావున ఫిబ్రవరి మాసంలో మా మేనల్లుడు సూరిబాబు టెంపోలో మహానదికి బయలుదేరితిమి. మందిర్ హసౌద్ దాటకుండానే వాడు నా చొక్కా మీద పాలు కక్కాడు, చొక్కా మార్చుకున్నాక మళ్లీ కక్కాడు. ఇసుకలో టార్పాలిన్ కట్టి డేరా వేశాను. తాళ్ల మీద గోచీలు ఆరేశాము, టెంపో కమ్ములకు చీర కట్టి ఉయ్యాల వేశాము. వాడు గుప్పెడు ఇసుక తిని నవ్వాడు. సూరిబాబు, "ఏటి మావా, తాతవవ్వాల్సినోడివి తండ్రివైనావు" అన్నాడు. "రెండు పన్లూ నానే సేసుకుంటాన్రా, నీకేటి!" అన్నాను. అయ్యా, అంత సంతోషం నా సర్వీసు మొత్తంలో లేదు.

3. తెల్లారి, ఆ ఇసుకలో పుచ్చపాదులు పెట్టుకున్న ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడను బతిమాలితిమి. మేము సగం చెప్పేలోపే నవ్వి, "నా పేరే బిసాహిన్, బాబూ. అంటే కొనుక్కున్న పిల్ల. మా అమ్మా నన్ను ఇలాగే అమ్మింది" అని చేటతో తవుడు తెచ్చింది. దాలమ్మ తవుడు తీసుకుని బిడ్డను ఆవిడ ఒడిలో పెట్టింది. ఆవిడ తిరిగి మా చేతికి ఇవ్వబోయేలోపే వంతెన మీది హవల్దారు దిగి వచ్చినాడు.

"క్యా బుడ్ఢే, బచ్చా బేచా? కిత్నే మే?" అన్నాడు.

ఎంతకు అమ్మావని అడిగితే నేను ఆనందంలో, "చేటెడు తవుడుకు సాబ్!" అన్నాను. వాడు తవుడును సాక్ష్యం కింద మూట కట్టించాడు. బిడ్డను జీపు ఎక్కించాడు. ఉయ్యాల చీర కూడా విప్పనివ్వలేదు.

4. జీపు శిశు గృహానికి చేరాక తమరి ఆఫీసులో జరిగినది. "ఈ వయసులో కొడుకా? ఎవరి కొడుకు?" అని తమరు దాలమ్మ ముఖం మీదనే అడిగితిరి, గుమస్తాలందరూ నవ్విరి. అది సరే. "బిడ్డను అమ్మలేదు అని సంతకం పెట్టు, ఇప్పుడే తీసుకుపో" అన్నారు. అమ్మలేదంటే వాడు మళ్లీ మా బిడ్డే అవుతాడు గదా అయ్యా, మా బిడ్డలు బతకరు గదా! తమరు ఆయాను పిలిచి వాణ్ణి మా ఎదుటికి తెప్పించారు. వాడు మాకు చేతులు చాపాడు. తమరు పెన్ను చాపారు.

దాలమ్మ పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచింది. "అమ్మినాం బావూ. అమ్మినామనే రాసుకోండి" అంది. తమరు, "అయితే ఇక్కడే ఉంటాడు. బతికితే సర్కారు పాలు తాగి బతుకుతాడు, నీ తవుడు వల్ల కాదు" అన్నారు. ఆయా చంకలో వాడి ఏడుపు వరండా చివరి దాకా వినపడింది. దాలమ్మ అప్పటి నుంచి ఆ గేటు ఛాయలకు రాలేదు. నేను ఇంటికి పోయి, పళ్లు వచ్చాయి, బుగ్గలు వచ్చాయి అని చెబితే గోడ వైపు తిరిగి వింటుంది.

5. నిన్నటికి ఏడాది దాటించాడు. పాలు తమవే, శతకోటి దండాలు. తవుడు కూడా పని చేసిందని ఒప్పుకోండి, అంతే.

6. నేను వేడుకొనునది ఒక్కటే. బిసాహిన్ నాతో వచ్చి గేటు దగ్గర కూర్చుని ఉంది. వాడు ఆవిడ బిడ్డ. వాణ్ణి ఆవిడ చేతికి ఇవ్వండి, ఆవిడ మా చేతికి ఇస్తుంది. వానలు పడి నది పొంగితే పుచ్చపాదులు పోతాయి, ఆవిడ ఏ ఊరు పోతుందో ఆవిడకే తెలియదు. ఆ తర్వాత నా కొడుకును నాకు ఇచ్చే హక్కు భూమ్మీద ఎవరికీ ఉండదు.

పై సంగతులన్నీ దయతో చిత్తగించవలెనని, వాడి అడుగుల మీద ఒట్టేసి మనవి చేయుచున్నాను.

తమ విధేయుడు,
గేదెల చిన్నారావు

తా.క. ఆనాడు ఆఫీసులో లైను సరిగా లేక తమరు ఫోనులో గట్టిగా అరిచారు, "అమ్మా, నానే, తవిటినాయుణ్ని! తిన్నావేటి?" అని. బోర్డు మీద టి. అని మాత్రమే ఉంది గనుక అంతదాకా తమ పేరు నాకు తెలియదు. తప్పుగా అనుకోకండి బావూ. తమర్నీ ఎవరో చేటెడు తవుడుకు కొన్నారు, తిరిగి ఇచ్చేశారు. అమ్మలేదని రాయమని మీ అమ్మ ఎదుట ఎవరూ పెన్ను పెట్టలేదు. తమరు నిండుగా బతికి ఉన్నారు, చూస్తుంటే నాకు కడుపు నిండుతోంది. ఈ కాయితం మీద ఏదైనా రాసే ముందు ఒక్కసారి ఆవిడకు ఫోను చేసి, ఆ రోజు ఎందుకు అమ్మావమ్మా అని అడగండి. గట్టిగా అడగండి. మేము గేటు దగ్గరే ఉంటాము, మాకూ వినపడుతుంది.