తూనీగని ఆపేస్తున్నారు

ఫిబ్రవరి 6

తూనీగ ఇవాళ విడుదలైంది. అసలు కావాల్సింది జూన్‌లో.

మా పెద్దాయన, అంటే కంపెనీ డైరెక్టర్, స్టేజి ఎక్కి, జూన్ దాకా ఎందుకు, మా కొత్త గేమ్ మెషీన్ ఇప్పటికే షాపుల్లో ఉంది, వెళ్ళి కొనుక్కోండి అన్నాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను లేవలేకపోయాను. పోటీ కంపెనీ కంటే ముందుండాలని ఆయనా ఇంకో ఇద్దరూ గప్‌చుప్‌గా తీసుకున్న నిర్ణయమట.

నా ఉద్యోగమే గేమ్స్ తయారుచేసే స్టూడియోల చుట్టూ తిరగడం. వాళ్ళకి డెవలప్‌మెంట్ కిట్లు, అంటే మా మెషీన్ మీద గేమ్ రాయడానికి కావాల్సిన సరంజామా, ఇచ్చి, అడ్డం పడిన చోట పక్కన కూర్చుని సాయం చెయ్యడం. వాళ్ళందరికీ జూన్ అని చెప్పింది నేనే. వాళ్ళ గేమ్స్ జూన్‌కే వస్తాయి. ఇవాళ షాపులో తూనీగ పక్కన పెట్టడానికి ఉన్నవి మూడంటే మూడు. వంట కాకముందే విస్తళ్ళు వేసేశాం.

అందరూ కేకు తింటున్నారు. నేను ముందు ఏ స్టూడియోకి ఫోన్ చెయ్యాలో లెక్కపెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 7

మరిది ఫోన్ చేశాడు. రాత్రంతా ఆడాడట. మాట రావట్లేదు వదినా, దీంట్లో నీళ్ళు నిజంగా నీళ్ళలాగే కదులుతున్నాయి అన్నాడు.

నేను కాపురానికి వచ్చేనాటికి వాడికి పన్నెండేళ్ళు. ఇప్పటికీ నాకు వాడు వాడే. బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేస్తాడట. ఇద్దరు స్నేహితులతో కలిసి తూనీగ కోసం గేమ్ చేస్తాడట. అందులో ఆడేవాడు మనిషి కాదు, నీళ్ళు. పాత ఇంట్లోకి దూరిన నీళ్ళు. తలుపు కిందనుంచి పాకి, మెట్లు దిగి, గోడ పగుళ్ళలోంచి జారి బయటికి దారి వెతుక్కోవాలి. ఇది ఇంకే మెషీన్‌లోనూ కుదరదు వదినా అన్నాడు. ఆ మాట నిజం. తూనీగలో ఉన్న రెండు చిప్‌లు కలిసి పనిచేస్తేనే ఆ నీళ్ళు.

వద్దు అనాలి. కొంచెం ఆగు అనైనా అనాలి. చెయ్యరా, నేనున్నానుగా అన్నాను.

ఫిబ్రవరి 24

పత్రికలన్నీ ఆకాశానికెత్తేశాయి. ఇలాంటి మెషీన్ ఇంతవరకూ రాలేదని రాశాయి.

ఇవాళ ఒక పెద్ద షాపుకి వెళ్ళాను. తూనీగ కింది అరలో, బ్యాటరీల పక్కన ఉంది. మేనేజర్ కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, నవ్వుతూనే చెప్పాడు. విడుదల రోజు ఎదురు షాపుకి సరుకు వచ్చిందట, వీళ్ళకి రాలేదట. వచ్చినవాళ్ళందరినీ ఉత్త చేతులతో పంపాల్సి వచ్చిందట. మీరు మమ్మల్ని ఎంత గుర్తుపెట్టుకున్నారో మేమూ మిమ్మల్ని అంతే గుర్తుపెట్టుకున్నాం మేడమ్ అన్నాడు.

ఆ నవ్వు చూస్తే భయం వేసింది.

మార్చి 19

అన్నిటికంటే పెద్ద స్టూడియో కిట్ తిరిగి ఇచ్చేసింది.

వాళ్ళ హెడ్ ప్రోగ్రామర్ మంచి మనిషి. దాచలేదు. మీ రెండు చిప్‌ల చేత పని చేయించడం, ఇద్దరు సవతుల చేత ఒకే పొయ్యి మీద వంట చేయించడం ఒకటేనమ్మా అన్నాడు. ఒకామె ఉప్పు వేసిందో లేదో రెండో ఆమెకి తెలియదు. అది కనుక్కునే పని మాది. పోటీవాళ్ళ మెషీన్‌లో ఆర్నెల్లలో అయ్యేది మీ దాంట్లో ఏడాదిన్నర పడుతోంది అన్నాడు. ఇంతా చేసి వాళ్ళ అమ్మాయి ఇంట్లో తూనీగని వదలట్లేదట. మరి గేమ్ రాయడానికేం అన్నాను. మా అమ్మాయి ఒక్కత్తే కొంటే చాలదు కదా అన్నాడు.

గేమ్స్ లేవని జనం కొనడం లేదు. జనం కొనడం లేదని వీళ్ళు గేమ్స్ రాయడం లేదు. మధ్యలో నేను.

కిట్‌ని ఆయనే మోసుకొచ్చి నా కారులో పెట్టాడు. మరిది అప్పటికే రాజీనామా ఇచ్చేశాడు.

ఏప్రిల్ 2

ఈ వారం ఇంకో రెండు కిట్లు వెనక్కి వచ్చాయి.

మే 15

పోటీ కంపెనీ ప్రకటన చేసింది. వాళ్ళ కొత్త మెషీన్ వచ్చే ఏడాదట. అందులో సినిమా డిస్కులు కూడా వేసుకుని చూడొచ్చట. ఎవరూ కళ్ళతో చూడలేదు. ఒక్క బొమ్మ వేశారు, అంతే.

సాయంత్రం షాపులో నిలబడి చూశాను. ఒక పాప మా మెషీన్ ముందు కూర్చుని ఎంతకీ లేవడం లేదు. తండ్రి పర్సు తీశాడు కూడా. ఇది బాగుంటుందా అని సేల్స్‌మన్‌ని అడిగాడు. చాలా బాగుంటుంది సార్, కానీ నేనైతే ఆగుతాను, ఏడాదిలో సినిమాలు కూడా చూపించేది వస్తోంది అన్నాడు వాడు. అబద్ధం చెప్పలేదు. తండ్రి పర్సు జేబులో పెట్టుకున్నాడు. వచ్చే ఏడాది కొందాం తల్లీ అన్నాడు.

నేను మెడలోని కంపెనీ బ్యాడ్జి తీసి హ్యాండ్‌బ్యాగులో పడేసుకున్నాను. ఇంకా పుట్టని దానితో మేము ఎలా పోటీపడతాం?

జూన్ 20

మరిదీ తోడికోడలూ అద్దె ఇల్లు ఖాళీ చేసి మా పైగదిలోకి వచ్చేశారు. కళ్ళద్దాల షాపులో ఆమె జీతమే ఇప్పుడు వాళ్ళిద్దరికీ ఆధారం.

అందరినీ పైకి పిలిచి గేమ్ చూపించాడు. నీళ్ళు గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, వంగి, లోపలికి జారాయి. మా ఆయన అప్రయత్నంగా కాళ్ళు పైకి తీసుకున్నాడు. అందరం నవ్వాం. తోడికోడలు మొగుడి తల మీద ఒక్కటిచ్చి, ఇన్నాళ్ళూ మనిషి ఇంట్లో ఉన్నాడా లేడా అనుకున్నాను, ఇందులో ఉన్నాడు అంది.

ఎంత బాగుందో. బాగున్నకొద్దీ నాకు వెనక్కి వచ్చిన కిట్లే గుర్తొస్తున్నాయి.

జులై 8, ఉదయం 11

మీటింగు. ఆరుగురం. కిటికీలు లేని గది.

పెద్దాయన నిలబడే చెప్పాడు. తూనీగని ఆపేస్తున్నారు. ఫ్యాక్టరీ సెప్టెంబర్ వరకే. ఈలోగా గోడౌన్లలో ఉన్నదంతా అమ్ముడుపోవాలి. స్టూడియోలు పని ఆపితే విషయం బయటపడుతుంది, అప్పుడు ఒక్కటి కూడా కదలదు. అందుకని వాళ్ళని ఆపనివ్వకూడదు. ఆ పని మీది అని నావైపు చూశాడు. రోజూ ఫోన్ చెయ్యాలట. ధైర్యం చెప్పాలట.

కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు. బయట పొక్కితే ఉద్యోగమే కాదు, కోర్టు.

నా సంతకం నాదిలా లేదు.

జులై 8, సాయంత్రం 7

కంచంలో కలిపిన అన్నం అలాగే ఉంది. వదినా, ఇంకో నాలుగు నెలలు చాలు అంటున్నాడు మరిది. ఊఁ అన్నాను. ఒంట్లో బాగాలేదా అని మా ఆయన అడిగాడు. ఎండ అన్నాను. బయట మబ్బు పట్టి ఉంది.

జులై 10

ఫోన్లు చేశాను. అన్ని స్టూడియోలకీ. ఎలా ఉంది, ఎంతవరకు వచ్చింది, కానివ్వండి. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఒకావిడ, మీరు ఫోన్ చేస్తే ఎంత ధైర్యంగా ఉంటుందో అంది. రిసీవర్ పెట్టేసి బాత్‌రూమ్‌కి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

జులై 13

ఒక దారి తోచింది. ఆపేస్తున్నారని చెప్పకూడదు. పని ఆపమనీ చెప్పకూడదు. కానీ సలహా ఇవ్వొచ్చు. మీ గేమ్‌ని ముందు ఒక్క చిప్ మీద నడిచేలా చేసుకోండి, రెండోది తర్వాత చూద్దాం అని. ఒక్క చిప్ మీద నడిచేది ఏ మెషీన్ మీదైనా నడుస్తుంది. తెలివైనవాళ్ళకి ఆ ముక్క చాలు.

పాము చావకుండా, కర్ర విరగకుండా. పట్టుబడితే మాత్రం విరిగేది నేనే.

జులై 16

అందరికీ చెప్పాను. ధైర్యంగా ఉంటుంది అన్నావిడ ఆ ముక్కని రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత నెమ్మదిగా, థాంక్సండీ, మీ ఆరోగ్యం జాగ్రత్త అంది. అర్థమైంది. ఇంకొకాయన, అలాగే, ఈరోజే మొదలుపెడతాం అన్నాడు. ఆయనకీ అర్థమైంది.

లైను మీద ఎవరైనా వింటున్నారా అని రిసీవర్ పెట్టేశాక కూడా చెవి దగ్గరే ఉంచుకున్నాను.

జులై 17

పరాయివాళ్ళందరికీ అర్థమైంది. ఇంట్లోవాడికే కాలేదు.

ఒక్క చిప్ అనగానే మరిది ముఖం ఎర్రబడింది. ఒక్క చిప్ మీద నీళ్ళు ఎక్కడ వదినా, జావ అవుతుంది అన్నాడు. మొదటిరోజు నుంచీ రెండు చిప్‌లూ వాడమని నా ప్రాణం తీసింది నువ్వే, ఇవాళ నువ్వే ఇలా అంటావా అన్నాడు. మెట్లు దబదబా ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇంకా గట్టిగా ఎలా చెప్పను?

జులై 21

డాబా మీద బట్టలు ఆరేస్తున్నాం. ఒకటో తారీఖు నుంచి షాపు మానేస్తున్నాను అక్కా అంది తోడికోడలు. గేమ్‌లో తప్పులు పట్టడానికి మనిషి కావాలట, బయటివాళ్ళని పెట్టుకోలేరు కదా, నేనే కూర్చుంటాను అంది.

మానకు అన్నాను.

ఎందుకూ అంది.

చుట్టుపక్కల డాబాలన్నీ చూశాను. ఒక్క పురుగు లేదు. అయినా ఆమె చెవి దగ్గరికి వెళ్ళి చెప్పాను. తూనీగని ఆపేస్తున్నారు. సెప్టెంబర్. ఎవరితోనూ అనకు.

ఆమె చేతిలోని చొక్కా దులిపి, తీగ మీద వేసి, క్లిప్ పెట్టింది. ఇంకోటి తీసింది. అది కూడా ఆరేసింది. అప్పుడు అంది. ఆయనకి నువ్వు చెప్పకక్కా, నేను చెప్తాను. నీ నోటి నుంచి వింటే జన్మలో నీతో మాట్లాడడు. నా నోటి నుంచి వింటే నామీద నాలుగు కేకలేసి ఊరుకుంటాడు.

మరి నీకు నామీద కోపం లేదా అన్నాను. నాకు కోపం రావడానికి కొంచెం టైము పడుతుందిలే అంది.

జులై 22

పైన కేకలు. తర్వాత ఏమీ లేదు. అన్నానికి ఎవరూ దిగలేదు.

జులై 30

ఎనిమిది రోజుల తర్వాత మరిది మాట్లాడాడు. వదినా, ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు. అంతే. ఫ్యాన్ తగ్గించి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

తోడికోడలు తర్వాత చెప్పింది. ఒక్క చిప్‌తో నీళ్ళు రాకపోతే గడ్డ కట్టించెయ్యి, మంచు కదలక్కర్లేదు కదా అందట. వాడు గంటసేపు గోడ వైపు తిరిగి పడుకుని, లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడట. ఇప్పుడు ఇల్లంతా మంచు. ఆడేవాడు దాన్ని కొంచెం కొంచెంగా పగలగొట్టుకుంటూ దారి చేసుకోవాలి. పోటీవాళ్ళ మెషీన్ మీదా నడుస్తుంది.

బాగుందా అన్నాను. బానే ఉంది అంది. మళ్ళీ, నీళ్ళంత కాదు అంది.

ఆగస్టు 12

ఒక పత్రికలో వచ్చేసింది. తూనీగ ఆగిపోతోందా అని పెద్ద అక్షరాలు. ఎవరు చెప్పారో రాయలేదు.

ఆరుగురినీ ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. కంపెనీ లాయరు, పక్కన పెద్దాయన. స్టూడియోలతో రోజూ మాట్లాడేది మీరే కదా అన్నాడు లాయరు. అవునన్నాను. ఎవరికైనా చెప్పారా. లేదు. ఇంట్లో? లేదు. పెద్దాయన నా చేతుల వైపే చూస్తున్నాడు. వాటిని ఒళ్ళో దాచుకోవాలని కూడా తోచలేదు.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. వీధిలో కారు ఆగిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి వెళ్తున్నాను. చివరికి మా ఆయనకి అంతా చెప్పేశాను. ముందే చెప్పుంటే ఆ వాంతులకి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకపోదును కదా అన్నాడు.

ఆగస్టు 14

దాచి లాభం లేదని కంపెనీయే ప్రకటించేసింది. ధర సగానికి సగం.

షాపుల ముందు వీధి మలుపు దాకా క్యూ. తూనీగని కింది అరలో పెట్టిన ఆ మేనేజర్ ఫోన్ చేసి, ఇంకేమైనా ఉంటే పంపండి మేడమ్, మీకు పుణ్యముంటుంది అన్నాడు. నేనూ వెళ్ళి క్యూ పక్కన నిలబడ్డాను. ఒకాయన తూనీగ పెట్టెని చంటిబిడ్డలా ఎత్తుకుని వస్తున్నాడు. ఇంత మంచిదాన్ని ఆపేస్తారా, వాళ్ళకేమైనా మతి ఉందా అని నన్నే అడిగాడు.

లేదండీ అన్నాను.

ఆగస్టు 28, మధ్యాహ్నం 3

పెద్దాయన ఒంటరిగా రమ్మన్నాడు. కారిడార్‌లో నడుస్తూ ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాలో ఆలోచించుకున్నాను.

గదిలో లాయరు లేడు. కూర్చోమన్నాడు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు. మీ మరిది ఏదో గేమ్ చేస్తున్నాడట కదా అన్నాడు. అవునండీ అన్నాను.

ఒక కాపీ కావాలి, ఇంట్లో ఆడుకోవడానికి అన్నాడు. కిటికీ వైపు తిరిగి, మంచుది కాదు, నీళ్ళది అన్నాడు.

మంచు ఎందుకొచ్చిందో తెలిసీ ఇంకేమీ అడగలేదు. వెళ్ళండి అని చెయ్యి ఊపాడు.

సెప్టెంబర్ 3

ఇచ్చాను. పెద్దాయన ఆఫీసులోనే తలుపు వేసుకున్నాడు. లోపలి నుంచి సాయంత్రం దాకా నీళ్ళ చప్పుడు.