బాయిల దిగే ముందు

చెల్లెకు నొప్పులు మొదలైనయని ఉప్పుగూడ నుంచి మనిషి వచ్చిండు. మీరు వచ్చేదాంక ఆగలేక పోతున్న. అన్నం, పప్పు ఉట్టి మీద ఉన్నయి. పాలు కాచిపెట్టిన. పిల్లి తిరుగుతున్నది, వంటింటి తలుపు గట్టిగ వెయ్యండి.

ఇగ బాయి సంగతి. గల్లీ బాయిల పూడిక తీస్తే మా ఆడోళ్ళకు నల్లా కాడ లొల్లి తప్పుతది. నాకు మాత్రం వద్దా? కని అది ఏండ్ల సంది చెత్త పడ్డ బాయి. లోపల గాలి మంచిగుండదు. "ముందుగాల నేను దిగితేనే అందరు దిగుతరు" అని పొద్దున మీరు పాల బాలనర్సింహతోని అంటుంటే విన్న. అప్పటిసంది నా పానం పానంల లేదు.

మనిషి కంటే ముందు కందిలి దించండి. ముట్టించి, తాడు కట్టి, అడుగు దాంక దించండి. అది ఆరిందంటే ఇయ్యాల ఎవ్వరు దిగొద్దు. నేను చెప్తే పిరికిదాన్నని నవ్వుతరు. మా తమ్ముడు సుబ్రహ్మణ్యం గూడ గట్లనే నవ్విండు. కందిలి ఆరితే, "నూనె అయిపోయినట్టుంది" అనుకుంట మా ఊరి బాయిల దిగిండు. మేము గుంజితే ఉత్త తాడే పైకి వచ్చింది.

కోపం చేసుకోకండి. అక్కడ చెల్లె పక్కన కూసున్నా నా మనసంత ఆ బాయి కాడనే ఉంటది.

గోదా

చెప్పుడు మరిచిన. కంట్రోలు దుకాన్ల దొరికిన గాసునూనె అంత కందిల్లనే నింపిన. ఇంట్ల దీపానికి సుక్క మిగల్లేదు. కందిలి ఆరితే, నూనె లేక ఆరిందని మాత్రం అనకండి.