అక్క లైబ్రరీలో పద్నాలుగు కిటికీలు

నవంబర్ 4
వడ్రంగం పని ఉందని అక్క లైబ్రరీకి పిలిపించింది. లైబ్రేరియన్ కదా, బల్ల వెనక ఉన్నంతసేపూ బంధుత్వం ఉండదు. తను వేసుకున్నవి రెండు జతల సాక్సు, శాలువా, పైన నా పాత కోటు. నూట యాభై ఏళ్ల కిటికీలు పద్నాలుగు. అన్నీ ఈల వేస్తున్నాయి. ఇక్కడ పేజీ తిప్పక్కర్లేదు, అదే తిరుగుతుంది.
ఇరవయ్యో తారీకు టెస్టు. తలుపుకి ఫ్యాను బిగించి ఎంత గాలి లీకవుతోందో కొలుస్తారు. మొన్న కొలిస్తే మీటరు మీద నలభై. ఇరవై దాటితే హీటర్ల కరెంటు దండగని చలికాలమంతా హాలుకి తాళం. అక్కకి వచ్చే ఏడే రిటైర్మెంట్. బల్ల ఇవతలికి వచ్చి, తాళం కప్పకి లైబ్రేరియన్‌గా దిగిపోవాలా తమ్ముడూ అంది.

నవంబర్ 6
పాత కట్టడాల ఆఫీసరమ్మ వచ్చింది. కొత్త కిటికీలు కుదరవు. డబుల్ గ్లాసు కుదరదు. మేకు కుదరదు. ఊపిరి పీల్చుకోవచ్చా మేడమ్ అన్నాను. మెల్లిగా పీల్చుకోమంది.
కిటికీ రెక్కల అంచున సన్నని గాడి తీసి గాలి ఆపే బ్రష్ పట్టీ దూర్చడానికి ఒప్పుకుంది.

నవంబర్ 12
పట్టీలన్నీ అయ్యాయి. టెస్టు చేసే ఇంజనీరు ముందస్తుగా కొలిచాడు. ఇరవై ఆరు.

నవంబర్ 13, ఉదయం 11
పని ఆపి రాస్తున్నాను.
కిటికీ పక్క చెక్కకి సుత్తి పిడి తగిలితే బోలుగా మోగింది. రంగు గీకాను, ఎనిమిది పొరలు. కింద ఒక కీలు. మెల్లిగా లాగితే గోడలోంచి చెక్క తలుపు మడత విప్పుకుని వచ్చింది. అన్ని కిటికీలకీ ఉన్నాయి. ఎవడో ముత్తాత వరస వడ్రంగి నా పని చేసిపెట్టి వెళ్లాడు.
ఫోను చేస్తే ఆఫీసరమ్మ అరగంటలో వచ్చింది, కాలికొక రకం చెప్పుతో. కొత్తదేం కాదు మేడమ్, ఉన్నదే అన్నాను. చాలాసేపు ఆ కీలునే నిమిరింది. తర్వాత, రంగేసి మూయించింది మా ఆఫీసే అయ్యుంటుంది, ఎవరితోనూ అనకండి అంది.

నవంబర్ 19
అన్ని తలుపులూ మూసి కొలిచాం. పద్నాలుగు. ఇంజనీరు కౌగిలించుకోబోయి, దుమ్ము కొట్టుకున్న నా చొక్కా చూసి ఆగాడు.
చీకట్లోంచి అక్క గొంతు. బాగుందిరా, ఇక చదివేదెవరు, గబ్బిలాలా అంది.
మధ్యాహ్నం మూడింటికి నా చెయ్యి నాకే కనపడలేదు. పగలంతా లైట్లు వేస్తే ఆదా చేసిందంతా బల్బులే తినేస్తాయి. ఇన్నాళ్లూ లైబ్రరీలో పని చేస్తూ చదువు సంగతే మర్చిపోయాను.

అదే రోజు, 5 గంటలకి
అక్క కళ్లద్దాలు పైకి తోసి తలుపుని గోరుతో గీకింది. తలుపు నడిమధ్య అడ్డంగా గీత, రంగు నిండిపోయి ఉంది. ఉలి పెట్టాను. తలుపు పైసగం, కిందసగం విడివిడిగా కదిలాయి. ముత్తాత అలాగే చేశాడు. కింద మూసుకో, పైన వెలుతురు తెచ్చుకో.
ముప్పై ఏళ్లుగా వడ్రంగిని నేను. కనిపెట్టింది పుస్తకాల దుమ్ము దులిపే మనిషి. ఇక చచ్చేదాకా చెబుతుంది.

నవంబర్ 20
పైసగాలు తెరిచే కొలిచారు. పందొమ్మిది. పందొమ్మిది. పందొమ్మిది.

నవంబర్ 27
అక్కకి ఉక్కపోస్తోందట. కిటికీ తియ్యమంది.