రెండో వైపు దూది

రాజీ,

మన డాన్సు గ్రూపు మేనేజరు ఇంకా బతికే ఉన్నాడు, ఏం చేస్తాం. నీ రొమ్ములో గడ్డ పెరుగుతుంటే రెండో వైపు దూది పెట్టించి, పాట అయ్యాక చూద్దామన్న పెద్దమనిషే. ఆ పాటున్న సినిమా విడుదలయ్యేసరికి నువ్వు ప్రాణాలతో లేవు.

మొన్న ఫిల్మ్‌నగర్‌లో షూటింగు. గ్రూపులో కొత్తగా చేరిన రహమత్ నగర్ పిల్ల లక్ష్మి, పదిహేడేళ్లది, జాకెట్టు బిగుతైందని బట్టలు కుట్టే నా దగ్గరికి వచ్చింది. చూస్తే నీకున్నటువంటి గడ్డే. మేనేజరు మళ్లీ అదే మాట: "దూది పెట్టమ్మా రత్నం, సమానమైపోతుంది."

"నీ తలలో పెట్టుకో, అక్కడే ఖాళీ ఎక్కువ," అని పిల్లను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారిలో నీ సంగతి సగమే చెప్పాను: నా దోస్తుకూ ఇలాంటి గడ్డే వచ్చిందని. పోయావని చెప్పలేదు.

అరుదైన గడ్డ, వేగంగా పెరిగే రకం అంది డాక్టరమ్మ. చుట్టూ కాస్త మంచి కండతో సహా తీయకపోతే మళ్లీ వస్తుందట. అలాగే తీసింది. రొమ్ము నిలిచింది.

మేనేజరు యాపిల్ పళ్లతో వచ్చి, "శుక్రవారానికి గెంతగలదా?" అన్నాడు. పళ్లు తీసుకుని, పిల్ల అక్కడుందని కాన్పుల వార్డు చూపించాను. ఆయాలు చీపుర్లతో తరిమారు.

ఈరోజు కట్టు విప్పారు.

"అక్కా, నీ దోస్తుకు గూడ గిట్లనే తీసిన్రు గదా? ఇప్పుడు యాడుంది?" అని అడిగింది లక్ష్మి.

"మద్రాసులో. చేతినిండా పని," అన్నాను.

ఎవరడిగినా ఇక అదే చెబుతాను. నువ్వు కాదనకు.

రత్నం