క్లచ్చు పట్టిన చేయి

జులై 21, సోమవారం

పురానాపూల్ వంతెన మీద ముప్పావుగంట. ముందు ట్రాలీలో ఇంకా రంగు పడని వినాయకుడు. కిరీటానికి కరెంటు తీగ తగులుతుందని ఒకడు పైకెక్కి కర్రతో తీగను ఎత్తుతున్నాడు. మేమంతా వెనక. అడుగు కదలడం, ఆగడం. మళ్లీ అడుగు. ప్రతి అడుగుకూ క్లచ్చు... బాపు బండి క్లచ్చు పట్టడం అంటే తుప్పుపట్టిన షట్టరు లాగడమే. వదిలితే బండి ఎగిరి ముందున్న ఆటోను గుద్దుతుంది. ఇంజను వేడెక్కితే న్యూట్రల్ పడదు. కాబట్టి పట్టుకునే ఉంటాను, పళ్లు బిగించి.

పక్క ఆటోవాడు: "ఏందక్కా, గింత పెద్ద బండి? మీ అన్నది ఎత్కొచ్చినవా?"

"మా బాపుది. నువ్వు ముందుకు చూడు."

సరిగ్గా అప్పుడే బండి ఆగిపోయింది. వెనక అందరూ హారన్లు. వీళ్లంతా తల్లి కడుపులోనే క్లచ్చు నేర్చుకొని వచ్చారు మరి.

జులై 22, మంగళవారం

పువ్వులు కుట్టే మగ్గం దగ్గర సలీం చోటు ఖాళీ. వాడు సొంతంగా కార్ఖానా పెట్టుకున్నాడు. ఏడాదిగా నేను చేస్తున్నది బండి పని — దుకాణాల నుంచి బట్టలు జహనుమాలోని కార్ఖానాకు తేవడం, కుట్టినవి తిరిగి ఇచ్చి రావడం. ఖాదర్ చాచా కార్ఖానాలో ఆడది మగ్గం దగ్గర కూర్చున్నది లేదు. ఇవాళ అడిగేశాను.

"చాచా, సలీం జాగల నేను కూర్చుంట."

"నువ్వా? బండి మస్తు నడుపుతవ్ బేటీ. సూది కైకూ?"

"నాకొస్తది."

"ఎవరు నేర్పిన్రు?"

"ఫోన్ల చూసి నేర్చుకున్న."

మగ్గం చుట్టూ ఉన్న ముగ్గురూ నవ్వారు. సంచిలోంచి నా గుడ్డ తీసి ఇచ్చాను — ఇంట్లో పాత మంచం పట్టెలకు బిగించి కుట్టిన నెమలి. చాచా నెమలిని చూడనే లేదు.

"ఉల్టా దిఖావ్."

ఆయన పద్ధతే అది. ఎవరి పనైనా తిరగేసి, వెనక కుట్టు మీద బొటనవేలు పెట్టి నడిపిస్తాడు. నా గుడ్డ మీద కూడా నడిపించాడు. చాలాసేపు.

"వచ్చే గురువారం దాకా యూసుఫ్‌కు ఎదురుంగ కూర్చో. ఆ రోజు ఉల్టా చూస్త. మంచిగుంటే జాగా నీది. లేకుంటే బండి నీది."

జులై 23, బుధవారం

మీగడ రంగు పట్టు దుపట్టా. పెళ్లికూతురిది. ఒక్కో పువ్వు సగం యూసుఫ్ భాయ్, సగం నేను.

కుడి చేతి సూది పైనుంచి దిగుతుంది. గుడ్డ కింద ఎడమ చేయి దాని కొక్కేనికి దారం అందించాలి. కింద ఏం జరుగుతోందో కనిపించదు. వేళ్లకు తెలియాలి. నా వేళ్లకు ఏమీ తెలియడం లేదు. పొద్దున్నుంచీ క్లచ్చు పట్టీ పట్టీ మొద్దుబారాయి. కొక్కెం ఖాళీగా పైకి వస్తుంది. మళ్లీ దించుతాను. మళ్లీ ఖాళీ. ఏడుపు కాదు, ఎవరినైనా కొట్టాలనిపిస్తుంది.

యూసుఫ్ భాయ్ చూశాడు. ఇరవై ఏళ్లుగా ఇదే పని ఆయనకు. సూది బిగుసుకుంటే తల వెంట్రుకల్లో ఒకసారి దువ్వి మళ్లీ గుచ్చుతాడు. తలకు నూనె లేకుండా ఏనాడూ రాడు.

"ఏంది చెల్లె, చెయ్యి గట్ల వణుకుతుంది? చాచా అంటే భయమా?"

"భయమెందుకు? క్లచ్చు."

తన చాయ్ గ్లాసు జరిపాడు. "తాగకు. ఎడమ చేత్తో పట్టుకొని కూర్చో. నెత్తురు దిగుతది."

పట్టుకున్నాను. చాయ్ చల్లారింది. ఆయన అదే తాగాడు.

జులై 24, గురువారం

కుట్టింది సగం, విప్పింది సగం. ఇంకా వారమే.

జులై 25, శుక్రవారం

కార్ఖానాకు సెలవు. బండి బాగుచేసే పనిలో పడ్డాను.

బాపుకు కళ్లు మసకబారి బండి తీయడం మానేశాడు గాని, పెత్తనం మానలేదు. "అది కంపెనీ కేబుల్ బిడ్డా. మార్చకు. గిప్పుడొచ్చేటియి అన్నీ డూప్లికేట్."

"పట్టేది నేను గద బాపు."

"నేను పట్టలేదా పదిహేనేండ్లు?"

"నువ్వు పట్టినప్పుడు గింత ట్రాఫిక్ ఉన్నదా?"

గల్లీ చివర మెకానిక్ నర్సింగన్న దగ్గరికి తోసుకుపోయాను. లీవరు ఒకసారి నొక్కి చూశాడు. "కేబుల్ ఎండిపోయింది చెల్లె. బండి ఇడిసిపెట్టి పో. సోమారం ఇస్త."

సోమవారమట! బండి లేకుంటే రేపటి బట్టలు ఎవరు తెస్తారు? వెనక్కి తెచ్చేశాను. ఫోన్లో చూసి నేనే చేశాను. కేబుల్ పైకొసకు పాలప్యాకెట్ కవరు బిగించి కట్టి, అందులో నూనె పోసి వదిలాను. చుక్కా చుక్కా దిగింది. గంట తర్వాత కింది కొస నుంచి నల్లటి మడ్డి కారింది. లీవరు పట్టి చూశాను — రెండు వేళ్లకే వచ్చింది! అరిచాను.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏమైందే?"

"క్లచ్చు వదులైంది."

"గా దానికి గింత ఒర్లుడా? నేను ఎవలన్న సచ్చిన్రేమో అనుకున్న."

జులై 26, శనివారం

పురానాపూల్ అట్లాగే ఉంది. బహదూర్‌పురా చౌరస్తా ఇంకా ఘోరం. అయినా చేయి తేలిక. బండి దిగి నేరుగా మగ్గం దగ్గర కూర్చున్నాను. సూది దిగడం, దారం అందడం... వేళ్లకు కళ్లొచ్చినట్టు. యూసుఫ్ భాయ్ సగం పువ్వు కంటే నా సగం ముందు అయింది.

"చెయ్యి తెరుచుకుంది చెల్లె నీది. ఇగ నాకే ఫికర్."

జులై 27, ఆదివారం

ఒక్క కుట్టు కూడా విప్పలేదు. లీవరు దగ్గర నూనె ఇంకా ఊరుతోంది. దిగగానే కుర్తాకు తుడుచుకొని కూర్చుంటున్నాను.

జులై 28, సోమవారం

చాచా దుపట్టాను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాడు. పువ్వుల పక్కన మరకలు. చిన్నవి. మూడు, నాలుగు... నూనె. కింది నుంచి పైకి ఎక్కింది.

నేను ఏమీ ఆలోచించక ముందే చాచా యూసుఫ్ భాయ్ మీద విరుచుకుపడ్డాడు. "కిత్నీ బార్ బోలా! సూది నెత్తికి రాయకు అని ఎన్నిసార్లు చెప్పిన? పెళ్లి బట్ట ఇది!"

"చాచా, నేను జాగ్రత్తగనే—"

"చుప్! లేవ్ ఆడికెల్లి. దారాలు చుట్టుకో పో."

యూసుఫ్ భాయ్ తల తడుముకున్నాడు. నిజమేనేమో అనుకున్నాడు. లేచి మూలకు పోయాడు.

నేను నా ఎడమ చేయి చూసుకున్నాను. గోళ్ల సందుల్లో నలుపు. పిడికిలి ముడిచాను. ఒళ్లో దాచుకున్నాను.

జులై 29, మంగళవారం

మరకల మీద పౌడరు చల్లి బరువు పెట్టారు. మూడు పోయాయి. ఒకటి మిగిలింది. దాని మీద నన్ను ఆకు కుట్టమన్నాడు చాచా. కుట్టాను. నా మరక మీద నా ఆకు. బాగా వచ్చింది, ఛీ.

యూసుఫ్ భాయ్ తలకు నూనె లేకుండా వచ్చాడు. జుట్టు గడ్డిలా లేచి ఉంది. మూలలోంచి నన్ను చూసి నవ్వాడు. "ఎట్లున్న? హీరో లెక్క ఉన్ననా?"

జులై 30, బుధవారం

కార్ఖానా ముందు బండి ఆపి కేబుల్ కొసను గుడ్డ ముక్కతో కట్టాను. చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగాను. ఇప్పుడు కడిగితే ఎవరికి లాభం. చెప్తే చోటు పోతుంది. చెప్పకుంటే ఆయనది పోతుంది. అది నాకు తెలుసు. తెలిసీ అన్నం తిన్నాను, పెరుగు కూడా వేసుకొని.

జులై 31, గురువారం

చాచా దుపట్టా తిరగేశాడు. బొటనవేలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. ఎక్కడా ఆగలేదు.

"సాఫ్ హై. జాగా నీది బేటీ. శనివారంకెల్లి బండి పని బంద్."

ఎన్నాళ్ల నుంచి ఈ మాట కోసం... ఎగరాలి కదా. నోట్లోంచి వేరేది వచ్చింది.

"ఆ నూనె నాది చాచా. బండి నూనె. క్లచ్చు కేబుల్‌కు పోసిన. చెయ్యి కడగకుంట కూర్చున్న."

చాచా నా ఎడమ చేయి పట్టి వాసన చూశాడు, ఏదో కూరగాయ కొంటున్నట్టు.

"సోమవారం ఎందుకు చెప్పలే?"

"జాగా పోతదని."

"ఇయ్యాల ఎందుకు చెప్తున్నవ్?"

నేను చేయి వెనక్కి లాక్కున్నాను.

యూసుఫ్ భాయ్ మూలలోంచి లేచాడు. చేతిలో దారం ఉండ. నా వైపు చూడలేదు. ఉండను కిటికీలో పెట్టి, చెప్పులు వేసుకొని బయటికి పోయాడు. "యూసుఫ్! అరె యూసుఫ్!" అంటూ చాచా వెనకాలే పోయాడు. సాయంత్రం అసర్ నమాజు అజాన్ దాకా చూశాను. ఇద్దరూ రాలేదు. తెచ్చిన బట్టలు ఉన్నాయి, ఇవ్వాల్సినవి ఉన్నాయి. సంచి తీసుకొని నేనూ వచ్చేశాను.

ఆగస్టు 1, శుక్రవారం

సెలవు. ఫోన్ రాలేదు. నేను చేయలేదు. బాపు అడుగుతాడు, "క్లచ్చు మంచిగున్నదా?" అని. మంచిగుంది బాపు.

రేపు పోతాను. పోయి ఏం చేస్తానో తెలియదు. చాచా సూది ఇస్తాడా, సంచి ఇస్తాడా, గేటు చూపిస్తాడా. గుమ్మంలో యూసుఫ్ భాయ్ చెప్పులు కనిపిస్తే చాలు అని ఇప్పుడే రాశాను, కొట్టేశాను. అబద్ధం. అంత మంచిదాన్ని కాదు. చెప్పులు ఉండాలి... మగ్గం కూడా కావాలి నాకు.