మెల్లగా అన్నాననుకున్న మాట

బుధవారం, రాత్రి

ఈ రోజు నా నోరే ఒక ఆడబిడ్డకు కష్టం తెచ్చింది.

మా ఇంట్లో ప్రార్థన కూడిక అయ్యాక పక్క క్వార్టర్ కమల నా చెవి దగ్గరకొచ్చి ఏదో గొణిగింది. "ఏందమ్మా?" అని రెండుసార్లు అడిగాను.

"మూడో నెల కాకా. ఎవ్వరికి చెప్పలె. మెల్లగ ప్రార్థన చెయ్యి."

ఇదివరకు రెండుసార్లు కడుపు నిలవలేదు ఆమెకు. తల మీద చెయ్యి పెట్టి మెల్లగానే ప్రార్థించాను, అనుకున్నాను. ఆమెన్ అనేలోపే గోడ అవతల నవ్వులు. "కమలా, మిఠాయి ఎప్పుడే?" ఆమె ముఖం పాలిపోయింది. కొంగు తల మీదికి లాక్కుని వెళ్లిపోయింది.

"లైన్ల క్వార్టర్లన్ని విన్నయి," అంది నా భార్య. "బాయిల డ్రిల్లు పట్టినకాడి నుంచి నీకు అరుపే మాటాయె."

నిజమే. ఇరవయ్యో ఏట బొగ్గుబాయిలో దిగి పన్నెండేళ్లు డ్రిల్లు పట్టాను. ఆ మోతలో అరిస్తేనే పక్కవాడికి వినపడేది. తర్వాత పాస్టరునయ్యాక ఈ గొంతును దేవుడిచ్చిన అగ్ని అని అందరూ అంటే నమ్మాను. ఇన్నేళ్లూ వాళ్లను కదిలించింది వాక్యమా, డ్రిల్లు మోతా? బైబిల్లో ఒక ప్రవక్తతో దేవుడు అగ్నిలో కాదు, మెల్లని స్వరంలో పలికాడని ఎన్నిసార్లు బోధించానో. అదీ అరిచే!

రేపు కమలను క్షమాపణ అడగాలి, ఆమెకు మాత్రమే వినపడేలా. ఇప్పుడే ఒకసారి గొణిగి చూసుకున్నాను. "తప్పయింది బిడ్డా."

వంటింట్లోంచి నా భార్య అంది: "ఇగ రేపు పోకు. ఆమెకు వినపడ్డది."