కారు తియ్యొద్దు

సోల్హీ వాళ్ళమ్మా,

నువ్వు ముల్లంగి తోట నుంచి వచ్చేసరికి మేం ఇంట్లో ఉండం. సముద్రపు నాచు సూప్ పొయ్యి మీద ఉంది. కారు మాత్రం ముట్టుకోవద్దు, సోల్హీ అడిగినా ఇవ్వొద్దు. సాయంత్రం మెకానిక్ వచ్చి లాక్కెళ్తాడు. బ్రేకు నొక్కితే కాలు నేలదాకా దిగిపోతోంది.

నిన్న అత్తమ్మకు కంటి ఆపరేషన్ చేయించి తీసుకొస్తూ, కొండ కనుమ దిగేటప్పుడే నాకు తెలిసింది. బ్రేకులు నేనే బాగుచేశానని మీ అన్నయ్య ముందు గొప్పలు పోయాను కదా, అందుకే నోరు విప్పలేదు. పొద్దున కూడా మెల్లగా పోదాంలే అనుకుని, కట్టు విప్పించడానికి ఆవిడను కార్లో కూర్చోబెట్టాను. కళ్ళకు కట్టుతోనే బెల్టు తడిమి పెట్టుకుని, "పద అల్లుడూ" అంది. నాకు తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు.

బ్యాటరీ పోయిందని ఆవిడకు అబద్ధం చెప్పి దింపాను. మీ అన్నయ్య ఇంటికి నడిచి వెళ్ళి ఆయనకు మాత్రం నిజం చెప్పాను. "బండి తెస్తాను, ఇంటికి పద బావా" అన్నాడంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

మన్‌సిక్

ఇంకో మాట. ఇది రాస్తుంటే అత్తమ్మ గుమ్మంలోంచి అంది: "కట్టు కళ్ళకే కదయ్యా, చెవులకు కాదు. నిన్న కనుమలో నీ కాలు బ్రేకు మీద ఎలా కొట్టుకుందో విన్నాను. నువ్వే చెప్తావని కూర్చున్నా."

వంగి ఆవిడ కాళ్ళకు చెప్పులు తొడిగాను.